ఇప్పుడే తెస్తాను

వైను సీసా బిరడా తీసేటప్పుడు చప్పుడు రాకూడదు. వచ్చిందంటే తీసిన మనిషికి పని రాదని అర్థం. చిన్నక్క సీసా మెడకు తెల్లగుడ్డ చుట్టి, బిరడాని బతిమాలుతున్నట్టు అటూ ఇటూ తిప్పుతూ బయటికి రప్పించింది. ఎవరో ఊపిరి వదిలినంత శబ్దం వచ్చింది, అంతే. పక్కన గ్లాసులు తుడుస్తున్న పెద్దక్క తల తిప్పకుండానే, "బాగుంది. పోసేది ఎవరికో గుర్తుంది కదా?" అంది.

"ఆయన్ని మనం మర్చిపోతే మనల్ని పైవాళ్ళు మర్చిపోతారు కదక్కా," అంది చిన్నక్క.

ఆయన రెండో వరసలో నడవ పక్క సీటాయన. విమానం సిబ్బంది ఆయనకు పెట్టుకున్న పేరు పుక్కిలింతాయన. వైను నోట్లో పోసుకుని, బుగ్గలు పూరించి, పొద్దున్నే పళ్ళు తోముకున్నవాడిలా పుక్కిలించి, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, ఆ తర్వాత గాని మింగడు. మింగాక ఒక్క మాట చెబుతాడు. అది మంచి మాటైతే ఆ పూటకి గండం గడిచినట్టే. కాకపోతే ఆ మాట ఆయనకంటే ముందే విమానం దిగి పై ఆఫీసులో కూర్చుంటుంది. ఈ కంపెనీ విమానాల్లో ఆయన తిరిగినంతగా పైలట్లు కూడా తిరగరని గ్యాలీలో ఒక వేళాకోళం. గ్యాలీ అంటే విమానంలో వంటగది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టాలి.

చిన్నక్క తొమ్మిదేళ్ళు వెనక క్యాబినులో పనిచేసింది. అక్కడ వందల నోళ్ళు, పిడికెడు చేతులు. ఈ మధ్యనే బిజినెస్ క్లాసులోకి తెచ్చారు, అదీ పరీక్షకి. ఈ ప్రయాణమూ, దీని తర్వాతి ప్రయాణమూ సవ్యంగా జరిగితే ముందు క్యాబినులో ఖాయం చేస్తారు. ఖాయమైతే డ్యూటీలు తగ్గుతాయి. విరిగిపోతున్న నడుము నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పులతో మూడో అంతస్తులో ఒంటరిగా కూర్చునే తల్లి దగ్గర నాలుగు పూటలు ఎక్కువ ఉండొచ్చు. కాకపోతే మళ్ళీ వెనక్కే. ఆమెకి ఈ పని కావాలి. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం కూడా ఆమెకి కనిపించలేదు.

"ఎవరేది అడిగినా లేదనకు," అని మొదటిరోజే పెద్దక్క పాఠం చెప్పింది. పెద్దక్క ఈ క్యాబినుకి పెద్ద. జుట్టు ముడి నుంచి చెప్పుల మడమ దాకా ఎక్కడా ఒక్క ముడత ఉండదు. "'ఇప్పుడే తెస్తాను' అను. తేగలిగితే తే. లేకపోతే వాళ్ళే మర్చిపోతారు. లేదన్న మాట మాత్రం చచ్చినా మర్చిపోరు."

చిన్నక్కకి అది కొత్త పాఠమేం కాదు. వెనక కూడా అదే మంత్రం. వేలసార్లు అని అని, ఆ మాట నోట్లోంచి వస్తున్నట్టు కూడా ఆమెకి తెలియదు.

పుక్కిలింతాయన ముందు తెల్లగుడ్డ పరిచింది. చెంచాలూ ఫోర్కులూ అంగుళం అటూ ఇటూ కాకుండా పెట్టింది. తెల్ల వైను గ్లాసులో రెండు గుక్కలు పోసి, సీసా అంచున బొట్టు జారకుండా మణికట్టు తిప్పి, ఒక అడుగు వెనక్కి నిలబడింది. ఆయన వాసన చూశాడు. పుక్కిలించాడు. మింగాడు.

"చల్లగా లేదమ్మా," అన్నాడు, పోయిన చుట్టం గురించి చెప్పినంత దిగులుగా. "ఒకప్పుడు చల్లగా ఉండేదని తెలుస్తోంది."

"క్షమించండి. ఇప్పుడే తెస్తాను."

ముందు గ్యాలీలో మంచు అయిపోయింది. ఉన్నదంతా వెనకాల గ్యాలీ పెట్టెల్లో ఉంది. చిన్నక్క స్టీలు గిన్నె పట్టుకుని తెర దాటింది. ముందుకీ వెనక్కీ మధ్య ఉన్నది ఒక్క గుడ్డ తెర. దాని ఇవతల పూలు, అవతల ఏడుస్తున్న పిల్లలు. నడవ మధ్యలో భోజనాల ట్రాలీ ఇరుక్కుపోయి ఉంది. దాన్ని తప్పించుకుని వెళ్ళి, గిన్నె నిండా మంచు తోడుకుని, గుండెకి ఆనించుకుని వెనక్కి బయల్దేరింది. కరిగిన నీళ్ళు గిన్నె అంచు దాటి చేతుల మీద పడుతున్నాయి.

"అమ్మాయ్, కాసిని నీళ్ళిస్తావా?"

నడవ పక్కన ఒక పెద్దాయన. గోధుమరంగు స్వెట్టరు గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అడిగింది కూడా ఏదో తప్పు చేస్తున్నవాడిలా అడిగాడు.

"ఇప్పుడే తెస్తాను తాతగారూ," అంది చిన్నక్క, ఆగకుండానే.

సీసా మంచులో దిగింది. చల్లబడింది. పుక్కిలింతాయన ఈసారి కళ్ళు తెరిచి, "ఊఁ. ఇదీ," అన్నాడు. పెద్దక్క తెర చాటునుంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. మిగతా వరసలకీ తెల్ల వైనే కావలసి వచ్చింది. మళ్ళీ మంచు అయిపోయింది, మళ్ళీ చిన్నక్క గిన్నె పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. తిరిగి వస్తుంటే ఆ పెద్దాయన ఆమెని చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు. ఆమె మొహం చూశాడు, గిన్నె చూశాడు, ఆమెకి ఎక్కడ తగులుతుందోనని నడవలోకి చాచుకున్న మోకాలు లోపలికి లాక్కున్నాడు.

ఎవరో ఇచ్చే ఉంటారులే అనుకుంది చిన్నక్క. మనకి పనికొచ్చే మాట నమ్మడానికి ఎంతసేపు పడుతుంది గనక.

భోజనాలయ్యాక కిటికీ రెక్కలన్నీ దించారు. బయట మిట్టమధ్యాహ్నం, మేఘాల మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. లోపల మాత్రం రాత్రి చేశారు. నీలం దీపాలు వెలిగించి, గుసగుసలు తప్ప మరేమీ వినబడకుండా చేసి, వందలమందిని పట్టపగలు నిద్రపుచ్చడం కూడా వాళ్ళ ఉద్యోగంలో భాగమే. పుక్కిలింతాయన కళ్ళకి గంతలు కట్టుకుని, చెవుల్లో మెత్తలు కుక్కుకుని, సీటు మంచంలా చాపుకుని పడుకున్నాడు. చివరి వరసలో ఒక ఎముకల డాక్టరు మాత్రం ఎర్ర వైను ఇంకా కావాలంటే చిన్నక్క పోస్తూనే ఉంది. అడిగినప్పుడల్లా పోసింది. అదే ఆమె పని.

అప్పుడు వెనకనుంచి ఫోను మోగింది. డాక్టరెవరైనా ఉన్నారా అని.

ఎముకల డాక్టరు లేచి చొక్కా సర్దుకుని నడిచాడు. చిన్నక్క వెంట వెళ్ళింది. వెనక గ్యాలీలో నేలమీద పడుకోబెట్టి ఉన్న మనిషి స్వెట్టరు గుండీలు అప్పటికే ఎవరో విప్పేశారు. గోధుమరంగు స్వెట్టరు. వెనక క్యాబిను వాళ్ళు వంతులవారీగా గుండె నొక్కుతున్నారు. గుండెకి షాకిచ్చే యంత్రం తగిలించారు, అది తన గొంతుతో ఏదో చెప్పింది, మళ్ళీ నొక్కారు. చివరికి డాక్టరు వంగి మెడమీద వేళ్ళు పెట్టాడు. ఛాతీకి చెవి ఆనించాడు. ఇంజన్ల హోరులో ఆ చెవికి ఏం వినబడిందో ఏమో, లేచి, "ఇక చాలమ్మా. పోయారు," అన్నాడు. ఆ మాటతోపాటు చిన్నక్క పోసిన వైను వాసన కూడా వచ్చింది.

శవాన్ని అంతమంది మధ్య ఉంచడానికి లేదు. విమానం మొత్తానికి ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క సీటు, పుక్కిలింతాయన పక్క కిటికీ సీటు. దుప్పటిలో చుట్టి, నలుగురు పట్టుకుని, నీలం చీకట్లో తెర దాటించారు. చాపుకున్న పుక్కిలింతాయన కాళ్ళ మీదుగా ఎత్తి దాటించేటప్పుడు ఆయన ఒక్కసారి గురక ఆపాడు. అందరూ అలాగే నిలబడిపోయారు. మళ్ళీ గురక అందుకున్నాక కదిలారు.

పెద్దక్క సీటు చదునుగా చాపింది. బెల్టు పెట్టింది. దుప్పటి ఛాతీ దాకా కప్పి, కళ్ళకి గంతలు కట్టింది. "నిద్రపోతున్నట్టు ఉండాలి. ఎవరైనా అడిగితే నలతగా ఉంది, పడుకున్నారని చెప్పు," అంది. చిన్నక్క తలగడ సర్దింది. మెత్తటి తలగడ, తెల్లటి గలీబు. గుక్కెడు నీళ్ళకి దిక్కులేని మనిషికి, పోయాక ఇంత పరుపు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికి అక్కడ చోటు లేదు, అందుకని గ్లాసులు తుడవడానికి పోయింది.

గ్యాలీ గోడమీద చిన్న దీపం వెలిగి, మెత్తగా గంట మోగింది. ఏ సీటువాళ్ళు పిలుస్తున్నారో అక్కడ కనిపిస్తుంది. రెండో వరస, కిటికీ.

ఇద్దరూ దానివైపు చూశారు. పెద్దక్క వేలితో నొక్కి ఆపేసింది. "చెయ్యి మీట మీద పడి ఉంటుంది," అంది.

కాసేపటికి మళ్ళీ వెలిగింది.

"వెళ్ళి ఆ చెయ్యి తీసి సర్దిరా. వీళ్ళెవరైనా లేస్తే గొడవ."

చిన్నక్క వెళ్ళింది. నిజంగానే పెద్దాయన కుడిచెయ్యి గంట మీట మీద ఉంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేపింది. చల్లగా ఉందో, వెచ్చగా ఉందో ఆమెకి తెలియలేదు. అంతకుముందే, పుక్కిలింతాయన లేచాక కావాలని ఇంకో సీసా కోసం మంచులో చేతులు పెట్టి వచ్చింది, వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. చెయ్యి ఆయన పొట్టమీద పెట్టి దుప్పటి కప్పింది. మీట తీగని లాగి, మళ్ళీ తగలకుండా దూరంగా గోడవైపు దోపింది. ఆ తర్వాత గంట మోగలేదు.

దిగే ముందు రెండో భోజనం. వెచ్చబెట్టిన రొట్టెల వాసన క్యాబినంతా నిండింది. పుక్కిలింతాయన గంతలు తీసి, పక్కకి చూసి, గొంతు తగ్గించి, "ఎవరీయన?" అన్నాడు.

"వెనక కాస్త నలతగా ఉంటే ఇక్కడ పడుకోబెట్టామండి."

"పాపం. మంచి పని చేశారు. లేచాక ఆయనకీ ఇదే భోజనం పెట్టండి. నేనేమీ అనుకోను," అన్నాడు పెద్దమనసుతో, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

*

విమానాశ్రయంలో కిటికీల్లేని ఆఫీసు గదిలో ఆ పెద్దాయన కూతురు కూర్చుని ఉంది. మందుల దుకాణంలో పని చేస్తుందేమో, తెల్లకోటు కూడా విప్పకుండా వచ్చింది. ఒళ్ళో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న నీళ్ళసీసా.

"దిగగానే దాహమంటాడని తెచ్చాను," అంది, పెద్దక్కా చిన్నక్కా ఆ సీసావైపు చూడటం గమనించి. "అంటాడని కాదులెండి. అనడు. మనమే చూసి ఇవ్వాలి."

పెద్దక్క కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చుంది. ఇలాంటి మాటలు ఎలా మాట్లాడాలో పెద్దక్కకి తెలుసు. వచ్చే దారిలోనే చిన్నక్కకి కూడా నూరిపోసింది. "చనిపోయినవాళ్ళ సంగతి అయిపోయింది. బతికున్నవాళ్ళు ఇంటికెళ్ళి నిద్రపోగలిగేటట్టు చెప్పాలి. అంతకంటే అబద్ధమూ లేదు, నిజమూ లేదు."

"చివర్లో మీరున్నారా?" అని కూతురు చిన్నక్కనే అడిగింది. ఎందుకో పెద్దక్క వైపు చూడనైనా చూడలేదు. "ఏమన్నా తిన్నాడా? ఏమన్నా అడిగాడా?"

"భోంచేశారండి," అంది చిన్నక్క. "నీళ్ళడిగారు. ఇచ్చాం. తాగి పడుకున్నారు. నిద్రలోనే..."

"అడిగాడా?" కూతురి మొహం విప్పారింది. "మా నాన్నేనా? అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ, ఆయన వాళ్ళమ్మని కూడా అడిగేవాడు కాదట. ఆకలైతే వంటింటి గుమ్మంలో నిలబడేవాడట, అంతే. ఒకసారి అడిగాడంటే మహా గొప్ప. రెండోసారి మాత్రం చచ్చినా అడగడు." ఆమె కళ్ళు తుడుచుకుని చిన్నక్క చేతులు రెండూ పట్టుకుంది. "అలాంటివాడు అడిగాడంటే ఎంత దాహమేసిందో. మీరిచ్చారు. మీ కడుపు చల్లగా ఉండాలమ్మా."

చిన్నక్క చేతులు వెనక్కి తీసుకోలేకపోయింది. ఆమె వదిలేదాకా అలాగే ఉంచింది.

ఇంటికి వెళ్ళి మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుంది. లేచేసరికి తల్లి కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నిద్దట్లో ఎవరికే తెచ్చిపెడుతున్నావు?" అంది తల్లి.

"ఏంటి?"

"'ఇప్పుడే తెస్తాను, ఇప్పుడే తెస్తాను' అని ఒకటే కలవరింత. పైనున్న వాళ్ళకి గుడ్డలు పరిచి, గ్లాసు తుడిచి, అడుగులకి మడుగులొత్తుతావు. కన్నతల్లికి మాత్రం మంచినీళ్ళకి గతిలేదు."

"నువ్వెప్పుడడిగావు?"

"పొద్దున. మోకాలు పట్టేసి లేవలేకపోతే, ఏమే, కాసిని నీళ్ళు అన్నాను. ఇప్పుడే తెస్తానన్నావు. ఎంత చక్కగా అన్నావు! నేనూ నమ్మి కూర్చున్నాను." తల్లి నవ్వింది. కూతురు నవ్వకపోవడం చూసి ఒలవడం ఆపింది. "ఏమైందే? మొహం అలా పాలిపోయింది?"

చిన్నక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుండలోంచి గ్లాసు నిండా నీళ్ళు ముంచి తల్లి చేతిలో పెట్టింది. "ఇప్పుడు నాకు దాహం లేదే," అంది తల్లి. అయినా కూతురు కదలకుండా నిలబడి ఉంటే, ఎందుకొచ్చిన గొడవలే అని మొత్తం తాగేసింది.

*

వారం తిరగకుండానే తర్వాతి ప్రయాణం. అదే విమానం, అదే పెద్దక్క. రెండో వరస నడవ సీట్లో అదే పుక్కిలింతాయన. ఆయన పక్క కిటికీ సీటు ఈసారీ ఖాళీ. చిన్నక్క ఆ సీటు తలగడ గలీబు మారుస్తూ గంట మీట కోసం చూసింది. తను దోపిన చోటే, గోడ సందులోనే ఉంది. శుభ్రం చేసేవాళ్ళెవరూ బయటికి తియ్యలేదు. ఆమె దాన్ని తీసి చేతికందేచోట పెట్టింది. ఎవరి చేతికో ఆమె ఆలోచించలేదు.

ఈసారి మంచు ముందే రెండు పెట్టెలు ఎక్కించుకుంది. సీసా చెమటపట్టేదాకా చల్లబెట్టింది. పుక్కిలింతాయన పుక్కిలించాడు, కళ్ళు మూసుకున్నాడు, మింగాడు.

"చెయ్యి తిరిగింది నీకు," అన్నాడు. "దిగగానే నీ గురించి చెబుతాను. చెప్పాల్సినవాళ్ళకే చెబుతాను."

ఇన్నాళ్ళూ ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. తెర అవతల పెద్దక్క విని ఉంటుంది కూడా. చిన్నక్క థాంక్సండీ అని తల వంచింది.

కిటికీ రెక్కలు దించి, మళ్ళీ పట్టపగలు రాత్రి చేశారు. ఆయన ఈసారి నిద్రపోలేదు. ఇంకో గ్లాసు అడిగాడు. ఆమె పోస్తుంటే, "అన్నట్టు, ఆ పెద్దాయనకి ఎలా ఉందమ్మా? మొన్న ఇక్కడ పడుకోబెట్టారు చూడు," అన్నాడు.

సీసా అంచున బొట్టు జారి తెల్లగుడ్డ మీద పడింది.

"పాపం, ఒకటే గొణుగుడు. చెవుల్లో మెత్తలున్నా వినబడుతూనే ఉంది. 'ఆ అమ్మాయి నీళ్ళు తెస్తానంది, ఇప్పుడే తెస్తానంది' అని. నేను సగం నిద్రలో, ఎవరండీ ఆ అమ్మాయి, పిలవమంటారా అన్నాను. వద్దు వద్దన్నాడు. 'గిన్నె నిండా మంచు పట్టుకెళ్తోంది, చేతులు ఖాళీ లేవు పాపం, వస్తుంది లెండి' అన్నాడు. అంతే, మళ్ళీ నాకు నిద్ర పట్టేసింది."

"ఎప్పుడండీ?" అంది చిన్నక్క.

"రెండో భోజనానికి ముందు. మీలో ఎవరో వచ్చి ఆయన దుప్పటి సర్ది వెళ్ళారే, ఆ తర్వాత." ఆయన గ్లాసు ఎత్తి నీలం దీపానికెదురుగా పట్టి చూశాడు. "ఆ అమ్మాయెవరో కనుక్కో. వెనకవాళ్ళల్లో ఎవరో అయ్యుంటుంది. దాహమన్న ముసలాయన్ని అలా వదిలేస్తారా? నేను ఊరుకోను. నీ గురించి ఎలా చెబుతానో, ఆమె గురించీ అలాగే చెబుతాను."

"కనుక్కుంటానండి," అని చిన్నక్క గ్యాలీలోకి వచ్చి పడింది.

పెద్దక్క అంతా విని, "కల," అంది. "తాగిన మనిషి కల."

"నా మాట ఆయన కల్లోకి ఎలా వచ్చిందక్కా? మంచుగిన్నె ఎలా వచ్చింది? నేను తెస్తానన్నట్టు నీక్కూడా చెప్పలేదే. నాకూ, ఆ పెద్దాయనకీ తప్ప ఈ లోకంలో మూడోమనిషికి తెలీదే."

పెద్దక్క చేతిలో గుడ్డ ఆగింది.

"ఆయన అప్పటికే పోయుంటే, పోయాక కూడా నన్ను వెనకేసుకొస్తున్నాడు," అంది చిన్నక్క. "పోకుండా ఉంటే... ఇంకా ఊపిరుంటే... గంట నొక్కింది ఆయనే అక్కా. రెండుసార్లు నొక్కాడు. నువ్వు ఆపావు. నేను మీట అందకుండా చేసి వచ్చాను."

"నోర్ముయ్!" పెద్దక్క ఆమె భుజాలు పట్టుకుంది. పెద్దక్క జుట్టు ముడిలోంచి ఒక పాయ జారింది. ఇన్నాళ్ళలో అలా జారడం చిన్నక్క ఎప్పుడూ చూడలేదు. "డాక్టరు చూశాడు. పోయారన్నాడు. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను."

"ఆ డాక్టరుకి ఎన్ని గ్లాసులు పోశానో నాకు తెలుసక్కా."

"తీగ లాగకు. డొంకంతా కదులుతుంది. నువ్వు, నేను, ఆ డాక్టరు, వెనకవాళ్ళు, అందరం. పోయినాయన తిరిగి రాడు. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిందల్లా ఆ పుక్కిలింతాయన దగ్గరికెళ్ళి, కనుక్కున్నామండి, ఆ అమ్మాయి ఈ డ్యూటీలో లేదండి అనడం. ఒక్క మాట. నీ పని ఖాయం. మీ అమ్మ మోకాళ్ళు గుర్తు తెచ్చుకో."

చిన్నక్క గుర్తు తెచ్చుకుంది. తల్లి మోకాలు కాదు, నడవలోంచి లోపలికి జరిగిన ఇంకో మోకాలు గుర్తొచ్చింది.

గోడమీద దీపం వెలిగింది. మెత్తగా గంట మోగింది. రెండో వరస, కిటికీ.

అక్కడ ఎవరూ లేరు. ఇద్దరికీ తెలుసు. పెద్దక్క వేలు అలవాటుగా గోడమీది దీపం దాకా వెళ్ళి, దాన్ని తాకకుండా గాలిలో ఆగిపోయింది.

"ఆ సీటు మీట చెడిపోయింది," అంది పెద్దక్క చాలా నెమ్మదిగా. "మెకానిక్కులకి చెప్పాలి."

"చెబుదువు గానిలే. ఆపకు. నేను చూసొస్తాను," అని చిన్నక్క తెర తీసింది.

కిటికీ సీటు ఖాళీగానే ఉంది. మీట ఆమె పెట్టినచోటే ఉంది. పైన పిలుపు దీపం వెలుగుతోంది. పుక్కిలింతాయన అప్పుడే ఒక గుక్క నోట్లో పోసుకుని బుగ్గలు పూరించాడు. ఆమెని చూసి కనుబొమలెగరేశాడు, కనుక్కున్నావా అన్నట్టు.

"ఆ అమ్మాయి నేనేనండి," అంది చిన్నక్క.

పుక్కిలింత ఆగింది.

"మీ వైను చల్లబెట్టడానికి మంచు తెస్తుంటే ఆ పెద్దాయన నీళ్ళడిగారు. ఇప్పుడే తెస్తానన్నాను, తేలేదు. ఆయన్ని మీ పక్కకి తెచ్చేటప్పటికే పోయారని డాక్టరు చెప్పారు. డాక్టరు మాట నిజమైతే మీతో మాట్లాడింది బతికున్న మనిషి కాదు. మీ మాట నిజమైతే, గంట కొడుతున్న మనిషికి మీట అందకుండా చేసింది నేను. రెండిట్లో ఏది నిజమో నాకు తెలీదండి. వాళ్ళమ్మాయికి మాత్రం నీళ్ళు తాగే పడుకున్నారని అబద్ధం చెప్పాను. దిగగానే ఆవిడ నంబరు కనుక్కుని నిజం చెబుతాను. మీరు చెప్పాల్సినవాళ్ళకి కూడా ఇదే చెప్పండి."

ఆయన నోరు మూసుకునే ఉంది, బుగ్గలు ఉబ్బే ఉన్నాయి. మింగలేడు, ఉమ్మలేడు. కళ్ళు మాత్రం మెల్లగా పక్క సీటు మీదికి, దాని తెల్లటి తలగడ మీదికి, పైన వెలుగుతున్న దీపం మీదికి పోయాయి. చాలాసేపటికి ఎలాగో మింగాడు. మందు తాగిన పిల్లాడిలా మొహం పెట్టాడు. ఈసారి వైను గురించి ఏమీ చెప్పలేదు. గ్లాసు దూరంగా జరిపాడు.

"అమ్మాయ్," అన్నాడు. "కాసిని నీళ్ళిస్తావా?"

వేలసార్లు అలవాటైన మాట నాలుక చివరికి వచ్చింది. చిన్నక్క పళ్ళు బిగించి దాన్ని అక్కడే ఆపింది. గ్యాలీలోకి వెళ్ళింది. పెద్దక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అడ్డు చెప్పలేదు, సాయమూ చెయ్యలేదు. చిన్నక్క మంచు వెయ్యకుండా నీళ్ళు పోసి, ట్రే కూడా పట్టుకోకుండా, రెండు చేతుల్తో రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది.

ఒకటి ఆయన చేతికిచ్చింది. రెండోది పట్టుకుని కిటికీ సీటు వైపు కదిలింది. పుక్కిలింతాయన ఆ గ్లాసు వైపు చూసి, ఆమెకి తగలకుండా మోకాలు పక్కకి జరిపి దారిచ్చాడు.